చివరి పద్యంలో మొదటి అక్షరాలు

"నేనే మార్చాను" అని ఆ రోజు అనలేదు. అనడానికి కావలసినంత సమయం ఉంది. వినవలసిన మనిషి నా ఎదుటే, బెంచీ మీద, గొడుగు మోకాళ్ళ మధ్య నిలబెట్టుకుని కూర్చున్నాడు. నేను మాత్రం ప్రూఫు కాగితం మీద పడిన సిరా చుక్కను గోటితో గీకుతూ ఉండిపోయాను. ఆ మౌనం వల్ల ఒక మంచి మనిషికి మాట తప్పినవాడన్న పేరు వచ్చింది. ఒక ఆడబిడ్డకు దక్కవలసింది దక్కకుండా పోయింది. అది సరిచేయడానికే ఈ నాలుగు కాగితాలు రాస్తున్నాను.

ఇంకో కారణం కూడా ఉంది. ఈ మధ్య నంద్యాల కుర్రవాళ్ళు ఇద్దరు ముగ్గురు నా దగ్గరికి వచ్చి, "మీ మాదిరే రాసి బతకాలనుకుంటాండాము, ఎట్ల మొదలుపెట్టాల?" అని అడిగారు. వాళ్ళకు టీ ఇప్పించి, ఏవో నాలుగు మాటలు చెప్పి పంపేశాను. చెప్పవలసింది అది కాదు, ఇది.

పేరు లేని పని

పందొమ్మిది వందల యాభై మూడు నుంచి అరవై వరకు నేను చేసిన పనికి మా ఊళ్ళో పేరు లేదు. ఏ పత్రికలోనూ జీతగాణ్ణి కాను. ఏ బడిలోనూ పంతులును కాను. నంద్యాల రైలు స్టేషను దారిలో సుబ్బన్న శెట్టి అనే ఆయన ప్రెస్సు ఉండేది. ఆ ప్రెస్సు వసారాలో ఒక బల్ల, ఒక కుర్చీ నావి. పెళ్ళి పద్యాలు కావలసినవాళ్ళు, బదిలీ అయిపోయే అధికారికి సన్మాన పత్రం కావలసినవాళ్ళు, నాటకానికి కరపత్రం కావలసినవాళ్ళు, తాము రాసుకున్నదాన్ని అచ్చుకు ముందు ఎవరైనా దిద్దితే బాగుండుననుకునేవాళ్ళు వచ్చి ఆ బల్ల ముందు నిలబడేవారు. అందరూ నన్ను కవి అనే పిలిచేవారు. సుబ్బన్న కూడా అలాగే పిలిచేవాడు గానీ ఆయన పిలిచే తీరు వేరు.

"కవీ, ఈ పద్యాలు పొడుగైనాయి. కాగితం పట్టల్యా. ఒగ జానెడు తగ్గించు."

"పద్యం జానలతో కొలిచేది కాదు శెట్టీ."

"నీకు గాదులే. నాకు కాగితం జానలతోనే వస్తాది."

నవ్వుకునేవాణ్ణి. కానీ ఆయన దగ్గర ఒక సంగతి నేర్చుకున్నాను. అచ్చు అంటే ముందు స్థలం. అందులో ఒక మాట ఉండాలంటే ఇంకో మాట తప్పుకోవాలి. ఏది తప్పుకోవాలో తేల్చేవాడి చేతిలో ఎంత బలం ఉంటుందో మాత్రం అప్పుడు నాకు తెలియలేదు.

ఆ వసారాలో మధ్యాహ్నాలు ఎంత మెల్లగా గడిచేవో ఇప్పుడు తలుచుకుంటే ఎవరో చెప్పిన కథలా ఉంటుంది. లోపల మిషను తొక్కుతున్న చప్పుడు. సిరా, కిరసనాయిలు కలిసిన వాసన. బయట ఎండలో పత్తి బండ్లు ఒకదాని వెనక ఒకటి పోతుండేవి, గాలికి ఊడిన దూది వసారాలోకి తేలివచ్చి తడి సిరా మీద వాలేది. తూర్పున నల్లమల కొండలు ఎండకు కరిగి, కొండో మబ్బో తెలియకుండా నీలంగా నిలిచి ఉండేవి. వాటిని చూస్తూ ఒక మాట కోసం కూర్చుంటే పొద్దు ఎప్పుడు వాలిందో తెలిసేది కాదు.

కర్నూలు రాజధాని అయిన కొత్తలో సన్మానాలకు కరువు లేదు. ఒక అధికారి బదిలీ అయినప్పుడు "తమవంటి అధికారిని ఈ తాలూకా ఇంతకు మునుపు ఎరుగదు" అని రాశాను. ఆయన స్థానంలో వచ్చినాయన కొద్ది నెలలకే బదిలీ అయ్యాడు. నేను బద్ధకించి, పాత పత్రంలోనే పేరు మార్చి ఇచ్చాను. ఆ సభకు మొదటాయన కూడా వచ్చి ముందు వరుసలో కూర్చున్నాడని చదువుతూ ఉండగా గాని చూడలేదు. సభ ముగిశాక ఆయన నా భుజం మీద చెయ్యి వేసి, "అప్పుడే మరిచిపోతివా నన్ను?" అన్నాడు. కోపంగా కాదు, కాస్త దిగులుగా. సన్మాన పత్రంలో అబద్ధం ఉండకూడదని నేననను. ఒకే అబద్ధాన్ని ఇద్దరికి ఇవ్వకూడదు. మొదటివాడు దాన్ని నిజమని నమ్మి దాచుకుని ఉంటాడు.

ఆళ్లగడ్డ బస్సు

నాకు మంచి పద్యాలన్నీ ఆళ్లగడ్డ పోయే బస్సులోనే వచ్చాయి. నంద్యాల దాటగానే నల్లరేగడి మొదలవుతుంది. జొన్న, పత్తి, మళ్ళీ జొన్న. అక్కడక్కడ కాలువ తళుక్కుమని మాయమవుతుంది. కిటికీ పక్కన కూర్చుంటే కొండలు మనతో పాటే వస్తున్నట్టు ఉంటాయి. ఇంజను చప్పుడుకు కళ్ళు మూతలు పడేవి. నిద్ర కాదు, మెలకువ కాదు. ఆ మధ్యలో మాటలు వాటంతటవే వచ్చి వరుసలో నిలబడేవి. సిరివెళ్ళలో బస్సు ఆగగానే సగం ఎగిరిపోయేవి.

ఒకసారి కండక్టరు నన్ను తట్టి లేపాడు. "ఏమప్పా, నిద్దర్లో గొణుగుతాండావు. ఒంట్లో బాగుండాదా?"

"పద్యం కడుతున్నానన్నా."

"అట్లనా. టిక్కెట్టు తీసుకొని కట్టు."

ఆ మత్తే నా బలం. నా తప్పుకు మూలం కూడా అదే. మాట నడక, మాట సొంపు వింటూ వింటూ, ఆ మాట ఎవరిది, అక్కడ ఎందుకు ఉంది అని అడగడం మానేశాను. కొత్తగా ఈ పనిలోకి వచ్చేవాళ్ళకు నేను చెప్పదలచుకున్నది ఇదే. చెవి బాగున్నవాడికి ఈ జబ్బు తొందరగా వస్తుంది.

మౌలాలి సారు నాకు పరిచయమైంది ఆళ్లగడ్డలోనే. అక్కడి ఎలిమెంటరీ బడిలో పంతులు. పొడుగాటి మనిషి, వానాకాలమైనా ఎండాకాలమైనా చంకలో గొడుగు. ఛందస్సు గట్టిగా తెలిసినవాడు. రంజానుకైనా ఉగాదికైనా పద్యం రాసి, పిల్లల చేత పాడించేవాడు. ఆయన పద్యాలలో నాకు నచ్చనిది ఒకటే. ఇంట్లో చంటిపిల్లలతో అనుకునే మాటలు తెచ్చి పద్యంలో పెట్టేవాడు. బువ్వ, లాల, బుజ్జి.

"ఇవి పద్యానికి తగిన మాటలు కావు సారూ," అనేవాణ్ణి.

"పద్యమే ఆ మాటలకు తగింటాదో లేదో చూస్తాండా అప్పా," అనేవాడు.

బుజ్జి, చిన్ని

మా వైపు పెళ్ళిళ్ళలో ఒక ఆచారం ఉండేది, ఇప్పటికీ కొన్ని ఇళ్ళలో ఉంది. పెళ్ళికూతురి తరపువాళ్ళో, పెళ్ళికొడుకు స్నేహితులో అయిదు ఆశీర్వాద పద్యాలు గులాబీ రంగు కాగితం మీద అచ్చు వేయించి, తలంబ్రాలు అయ్యాక పందిట్లో చదివించి అందరికీ పంచుతారు. సరదా ఉన్నవాళ్ళు, పద్యంలో ఒక్కొక్క పాదం మొదటి అక్షరాన్ని తీసుకుని పైనుంచి కిందికి చదివితే వధూవరుల పేర్లు వచ్చేలా రాయిస్తారు. అలాంటప్పుడు ఆ అక్షరాలను లావుగా వేస్తాము, చదివేవాళ్ళ కంట పడాలని.

ఆళ్లగడ్డలో చిన్నపరెడ్డి అని పెద్ద రైతు. ఆయన కూతురు పద్మావతి పెళ్ళి కుదిరింది. ఆ అమ్మాయి మౌలాలి సారు దగ్గర చదువుకున్నది. పద్యాలు సారు రాశాడు. సుబ్బన్న ప్రెస్సులో అచ్చు, దిద్దుబాటు నాది. నాలుగు పద్యాలలో నాకు చెయ్యి పెట్టే పని లేకపోయింది. అయిదోది, చివరిది, ఆటవెలది. ఇలా ఉంది.

ఓర్మి గలిగి యింట నొద్దికతో నుండి
బుజ్జి పాపలాడ ముద్దు మీఱ
లలిత వాక్కులాడి లక్ష్మివై వెలుగుచు
మనుము తల్లి నీవు మగనితోడ

రెండో పాదం దగ్గర నా కలం ఆగింది. మళ్ళీ 'బుజ్జి'. ఇంత పెద్ద ఇంటి పెళ్ళి, ఊరూరి పెద్దలు వస్తారు, పందిట్లో 'బుజ్జి' అని చదవడమా? 'చిన్ని' అని మార్చాను. పద్యంలో పాదం మొదటి అక్షరానికి, మధ్యలో ఒక అక్షరానికి పొత్తు కుదరాలి. దానినే యతి అంటాము. 'బు'కు పొత్తుగా సారు 'ముద్దు' పెట్టాడు. 'చి' అయ్యేసరికి 'ముద్దు' చెల్లదు. అందుకని 'జిలుగు' పెట్టాను. 'చిన్ని పాపలాడ జిలుగు మీఱ.' రెండుసార్లు పైకి చదువుకున్నాను. పట్టు మీద నీళ్ళు జారినట్టు ఉంది. సారును అడగాలని కూడా తోచలేదు. ఆళ్లగడ్డ అంత దూరమా అంటే కాదు. వారానికి ఒకసారి పోయే ఊరే.

అక్షరాలు లావుగా వేయమని సారు ఎక్కడా గుర్తు పెట్టలేదు. కాబట్టి పైనుంచి కిందికి చదవాలన్న ఊహే నాకు రాలేదు.

పందిట్లో

నా గొంతు బాగుంటుందని పద్యాలు నన్నే చదవమన్నారు. పందిరి కింద జనం, పసుపు నీళ్ళ వాసన, తలంబ్రాల బియ్యం అందరి జుట్టులోనూ. నేను రాగం ఎత్తితే సన్నాయివాళ్ళు కూడా ఆగి విన్నారు. మౌలాలి సారు పందిరి చివర గుంజకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. 'చిన్ని పాపలాడ' అని చదివేసరికి ఆయన తల ఎత్తి నా వైపు చూశాడు. దిద్దుబాటు గుర్తుపట్టాడు, మెచ్చుకుంటున్నాడు అనుకున్నాను. ఆ క్షణం ఎంత తియ్యగా ఉండిందో దాచను.

చిన్నపరెడ్డి నన్ను పిలిచి పక్కన కూర్చోబెట్టుకున్నాడు. "ఏం గొంతప్పా నీది. నాకొగ పని చేసిపెట్టాల. మా వంశం కత రాయాల, పుస్తకం మాదిరి. మా తాతల కాడి నుంచీ." అలాంటి పని కోసం నాలాంటివాడు ఏళ్ళ తరబడి చూస్తాడు. ఒక పుస్తకం. పెళ్ళి అయిపోగానే పొట్లాలు కట్టేసే గులాబీ కాగితం కాదు.

మరునాడు అప్పగింతలు. పద్మావతి వరుసగా పెద్దలందరి కాళ్ళకూ మొక్కింది. నా కాళ్ళకూ మొక్కింది. మౌలాలి సారు ముందు నుంచి మాత్రం తల తిప్పుకుని పోయి బండి ఎక్కింది. నేను చూశాను. ఏడుపులో గమనించలేదేమో అనుకున్నాను.

"మీ కంపోజిటరుకు యతి తెల్సునా?"

కొన్నాళ్ళకు సారు ప్రెస్సుకు వచ్చాడు. బెంచీ మీద కూర్చుని, జేబులోంచి రెండు కాగితాలు తీసి నా బల్ల మీద పరిచాడు. ఒకటి తన చేతిరాత. రెండోది గులాబీ రంగు అచ్చు.

"శెట్టీ, ఈ 'చిన్ని' ఎవరిది?" అని అడిగాడు.

సుబ్బన్న కళ్ళద్దాలు పెట్టుకుని చూశాడు. గొడవలంటే ఆయనకు గిట్టదు. "కంపోజింగులో, అక్షరాలు పేర్చేటప్పుడు మారింటాది సారూ. మా కంపోజిటరుకు కండ్లు సరిగ్గా ఆనవు."

సారు నవ్వాడు. "కండ్లు ఆనక 'బుజ్జి' తీసి 'చిన్ని' పెట్టినాడనుకో. 'ముద్దు' తీసి 'జిలుగు' యాల పెట్టినాడు? యతి కోసమే గదా. మీ కంపోజిటరుకు యతి తెల్సునా?"

సుబ్బన్న నా వైపు చూశాడు. నేను ప్రూఫు వైపు చూశాను.

అప్పుడు సారు నా వైపుకు తిరిగాడు. "తప్పు పట్టేకి రాల్యా అప్పా. నడక బాగుంది. నా దానికంటే బాగుంది. కానీ ఈడ ఒగ మనిషి ఉండె." తన చేతిరాత మీద వేలు పెట్టి, నాలుగు పాదాల మొదటి అక్షరాలను పైనుంచి కిందికి చూపించాడు. ఓ. బు. ల. మ.

ఓబులమ్మ చిన్నపరెడ్డి మొదటి భార్య, పద్మావతి తల్లి. బిడ్డకు ఊహ తెలియకముందే పోయింది. ఆమె పుట్టింటివాళ్ళకూ రెడ్డికీ పొలం దగ్గర తగవు వచ్చి కోర్టుకు ఎక్కారు. అప్పటి నుంచి ఆ ఇంట్లో ఆ పేరు ఎవరూ ఎత్తరు. పెళ్ళి పత్రికలో తల్లి అని రెండో భార్య పేరు వేశారు. అది చూసి పద్మావతి బడికి వచ్చి సారును అడిగిందట.

"'నా పెండ్లిలో మా యమ్మ పేరు యాడా ల్యాకుండా పోతాది సారూ, నువ్వన్నా పెట్టు' అనె," అన్నాడు సారు. "పెడతా, చివరి పద్యం పైనుంచి కిందికి చదువుకో, నీకు తప్ప ఎవరికీ తెలీదు అంటి. చదువుకొనింటాది. ఓ, చి, ల, మ. ఏమనుకొంటాది? వాళ్ళ నాయనకు భయపడి సారు ఆఖర్లో తీసేసినాడు అనుకొంటాది. పోయేటప్పుడు నా మొగం గూడా చూడల్యా."

లోపల మిషను ఎప్పుడు ఆగిందో.

"మార్చిందెవరో తెలిస్తే, ఆయప్పను ఒగ మాట ఆ పాపతో చెప్పమందామని వస్తి. అంతకంటే నాకేం అక్కరల్యా," అని సారు ఆగాడు. ఎదురు చూశాడు.

నా మనసులో ఆ నిమిషం ఏముందో దాచకుండా చెప్తాను. పద్మావతి లేదు, సారు లేడు. చిన్నపరెడ్డి పుస్తకం ఉంది. నేను దిద్దిన పద్యాలలో ఆయన చెరిపేసిన పేరు దాగి ఉండిందని, ఆ కబురు నేనే ఆయన కూతురికి మోశానని బయటపడితే, ఆ పని నాకు ఇస్తాడా? నేను సిరా చుక్కను గోటితో గీకుతూ కూర్చున్నాను.

"సరేలే అప్పా," అని సారు కాగితాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు. గొడుగు తీసుకుని ఎండలోకి దిగాడు. చాలా దూరం కనిపించాడు. గొడుగు విప్పలేదు.

రాసేవాడు, రాయించేవాడు

వంశ చరిత్రకు ఒక ఏడాది పైగా పట్టింది. రెడ్డి మిద్దెలో కూర్చునేవాణ్ణి. ఆయన వక్కాకు నములుతూ చెప్పేవాడు.

"రాసుకో కవీ. మా జేజినాయన ఎద్దును కొమ్ములు పట్టి నిలబెట్టినాడు."

"ఏ ఎద్దునన్నా?"

"ఏదో ఒగ ఎద్దు. రాయి."

అలాంటివి ఎన్ని రాసినా ఎవరికీ నష్టం లేదు. ఆ ఎద్దు వచ్చి అడగదు. పేజీలు సాగి సాగి ఆయన సంతానం దగ్గరికి వచ్చాము. పద్మావతి తల్లి పేరు దగ్గర ఆగాను.

"ఏముంది ఆగేకి? మీ వదిన పేరు తెలీదా?"

"ఆ పాప పెద్దామె బిడ్డ గదన్నా," అన్నాను.

రెడ్డి నమలడం ఆపాడు. "ఆ ఇంటోళ్ళు నన్ను కోర్టు మెట్లెక్కించినారు. వాళ్ళ ఆడబిడ్డ పేరు నా పుస్తకంలో వద్దు. రాసేది నువ్వు. రాయించేది నేను."

రెడ్డి పేరు పక్కన రెండో భార్య పేరు వేసి, "ఈ దంపతులకు ప్రథమ సంతానముగా పద్మావతి జన్మించెను" అని రాశాను. ఎంత సాఫీగా ఉందో చూడండి. ఎక్కడా తట్టుకోదు. ఒక మనిషి అందులో లేదని చదివేవాళ్ళకు అనుమానం కూడా రాదు.

రాయించేవాడి మీదికి తోసేయడం మా పనిలో అందరికీ అలవాటు. వాళ్ళు చెప్పారు, మేము రాశాము అంటాము. రెడ్డి కోపంలో ఒక మాట అన్నాడు, అంతే. దాన్ని చదవడానికి ఇంపైన వాక్యంగా చేసింది నేను. ఇంపుగా లేకపోతే ఎవరూ నమ్మేవారు కాదు. పెళ్ళి పద్యంలో ఆ పేరును తెలియక తీశాను. పుస్తకంలో తెలిసి రాయలేదు. కుర్రవాళ్ళు ఎవరైనా ఈ రెండూ ఒకటేనా అని అడిగితే, కాదు.

పుస్తకం వచ్చింది. మంచి అట్ట, మంచి కాగితం. రెడ్డి బంధువుల ఊళ్ళన్నిటికీ బండ్ల మీద పంపించాడు. నాకు ఇంకో రెండు కుటుంబాల పని వచ్చింది. మౌలాలి సారును నందికొట్కూరు బదిలీ చేశారని విన్నాను. ఆ తరువాత ఆయన పద్యాలేవీ అచ్చుకు రాలేదు. ఆళ్లగడ్డ బస్సులో కిటికీ పక్కన కూర్చున్నా, కొండలు మునుపటిలాగే వెంట వస్తున్నా, మాటలు రావడం తగ్గింది. వయసు అనుకున్నాను.

ఆడి తప్పనివారు

మొన్న వేసవిలో నందికొట్కూరు నుంచి ఇద్దరు పంతుళ్ళు ప్రెస్సుకు వచ్చారు. మౌలాలి సారు రిటైరవుతున్నాడు, సన్మాన పత్రం కావాలన్నారు. కాదనడానికి కారణం చెప్పలేక ఒప్పుకున్నాను.

మహానంది పోయి అరటితోటల్లో కూర్చుని రాద్దామనుకున్నాను. కష్టమైన పని వచ్చినప్పుడు అలా పోవడం నాకు అలవాటు. పాదాల కింద కాలువలో నీళ్ళు పోతున్నాయి, అడుగున గులకరాళ్ళు కూడా లెక్కపెట్టేంత తేటగా. అరటాకుల మధ్య ఎండ పచ్చగా వణుకుతోంది. రాత దానంతటదే సాగింది. సన్మాన పత్రానికి కొన్ని మాటలు సిద్ధంగా ఉంటాయి, వెతకనక్కరలేదు. విద్యాదాత. నిరాడంబరులు. ఆడి తప్పనివారు.

ఆ చివరి మాట దగ్గర చెయ్యి నిలిచిపోయింది. ఎన్ని పత్రాలలో రాశానో ఆ మాట, ఎవరెవరికో. రాయడానికి నిజంగా తగిన మనిషి ఇప్పుడు దొరికాడు. ఆ మాట నిజం కాదని నమ్మే మనిషి ఒకతె రుద్రవరంలో కాపురం చేస్తోంది. అలా నమ్మేలా చేసింది నేను.

మరునాడు నందికొట్కూరు పోయాను. సారు ఇంటి ముందు చాప మీద కూర్చుని గొడుగు కమ్మీలు బాగుచేసుకుంటున్నాడు. వెంట్రుకలు తెల్లబడ్డాయి.

"నేనే మార్చినా సారూ," అన్నాను, ఇంకా కూర్చోకముందే.

"తెల్సు. కూర్చో."

"మీరే ఆ పాపకు చెప్పింటే..."

"నేను చెప్తే సాకు అంటాది. చేసినోడు చెప్తే మాట అంటాది. నువ్వొస్తావేమోనని కొన్నాళ్ళు చూస్తి. నాకు చెప్తే ఏమొస్తాదప్పా? నేను మునుపటి మాదిరే ఉండా. పోయి ఆ పాపకు చెప్పు."

రుద్రవరం

పద్మావతి అత్తవారి ఇల్లు ఊరికి ఆ చివర. వాకిట్లో చాట ముందు పెట్టుకుని విత్తనానికి వేరుశనగ కాయలు వలుస్తోంది. నన్ను చూసి లేవబోయి, గుర్తుపట్టి, కూర్చుంది.

"ఎవురమ్మే వచ్చింది?" అని లోపలి నుంచి అత్తగారి గొంతు.

"మా పెండ్లిలో పద్యాలు చదివినాయప్ప," అంది పద్మావతి. తరువాత నాతో, "మా నాయన పుస్తకం రాసింది గూడా నువ్వే గదా," అంది.

అవునన్నాను. అరుగు మీద కూర్చుని, ఏ మాట తీసి ఏ మాట పెట్టానో, ఎందుకు పెట్టానో, సారు ప్రెస్సుకు వచ్చి అడిగితే ఎలా కూర్చున్నానో చెప్పాను. వంశ చరిత్రలో ఆ వాక్యం సంగతి కూడా చెప్పాను. ఆమె కాయలు వలవడం ఆపలేదు. గింజలు చాటలో పడుతున్న చప్పుడు మాత్రం ఉంది.

"అయితే సారు భయపడల్యా," అంది చివరికి.

"ల్యాదమ్మా. ఆయన రాసిందాంట్లో మీ యమ్మ పేరుండె."

"నేను ఆయప్ప మొగం చూడకుండా వస్తి." ఇంకో పిడికెడు కాయలు చేతిలోకి తీసుకుంది. "మా యమ్మ ఎట్లుంటాదో నాకు గ్యాపకం ల్యా. పటం ల్యా. చీర ల్యా. పేరొగటి ఉండె. అది గూడా సారే తీసేసినాడనుకొని ఇన్నేండ్లు ఆయప్పను తిట్టుకొంటి. నందికొట్కూరుకు ఈడ నుంచి బస్సుండాదా?"

"నంద్యాలలో మారాల."

"పోతా. మా అత్తకు చెప్పి పోతా."

నేను చేతులు జోడించాను. తప్పయిపోయిందమ్మా అన్నాను. ఆమె నా చేతులు చూసి, చాటను పక్కకు జరిపింది.

"నువ్వు ఈ అరుగు మీద కూర్చొని చెప్తే నేనొగదాన్ని వింటి. మా నాయన పుస్తకం ఊర్లన్నిట్లో ఉండాది. రేపు నా పిల్లోళ్ళు దాన్నే చదువుతారు. నోటి మాట ఏం చేసుకొనేకి? అచ్చులో తీసేసినావు. అచ్చులోనే పెట్టు."

సారు సన్మాన పత్రంలో 'ఆడి తప్పనివారు' అనే రాసి, సభలో నేనే చదివాను. అదే నేను రాసిన చివరి పత్రం. ఇప్పుడు మా బావమరిది విత్తనాల అంగడిలో కూర్చుంటున్నాను. ఈ కాగితాలు అచ్చయితే చిన్నపరెడ్డి గారికి కూడా ఒక ప్రతి పంపుతాను. ఆయన కోపం న్యాయమో కాదో నేను తేల్చలేను. నా తప్పు వరకే నాది.

ఆళ్లగడ్డ చిన్నపరెడ్డి గారి మొదటి భార్య పేరు ఓబులమ్మ. రుద్రవరంలో ఉన్న పద్మావతమ్మ ఆమె కూతురు. పెళ్ళినాటి చివరి పద్యంలో మౌలాలి సారు ఆ పేరు రాశాడు. నేను తీసేశాను. వంశ చరిత్రలో ఆ పేరు ఉండాలని తెలిసి కూడా రాయలేదు. పద్మావతమ్మా, మీ అమ్మ పేరు రెండుసార్లు నా చేతి మీదుగానే పోయింది. నన్ను క్షమించండి.